60 సెట్టింగ్‌ల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్: ఏది ఉంచాలి, ఏది తీసేయాలి

గుణుపురం నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. టోకు కిరాణా కొట్లకూ రైస్ మిల్లులకూ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తున్నారు. పర్లాకిమిడిలో ఒకరు ఒక మార్పు కావాలన్నారు, పాతపట్నంలో ఇంకొకరు ఇంకొకటి అడిగారు. అడిగినప్పుడల్లా ఒక సెట్టింగ్ పెట్టుకుంటూ వచ్చారు. ఇప్పుడవి 60 దాటాయి. ఒకటి మారిస్తే మరోచోట బిల్లు తప్పు వస్తోంది. ఇక అన్నీ కస్టమరే మార్చుకునేలా రూల్ ఇంజిన్ (షరతులూ లెక్కలూ వాడేవారే రాసుకునే ఏర్పాటు) రాయాలా, లేక ఒక్కో కస్టమర్‌కి ఒక్కో కాపీ విడగొట్టి ఇవ్వాలా అని అడిగారు.

రెండూ వద్దు తమ్ముడూ. రాయగడ, పార్వతీపురం వైపు ఇలాంటి పనే చాలా ఏళ్లుగా చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. మీ ఇబ్బంది 60 అనే అంకెతో వచ్చింది కాదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగైదు రకాల విషయాలు ఒకే పేజీలో కలిసిపోయాయి. కొన్ని ప్రభుత్వం నిర్ణయించేవి. కొన్ని కొట్టు యజమానికి మాత్రమే తెలిసినవి. కొన్ని బిల్లుబిల్లుకీ మారేవి. మిగిలినవి మీరు తేల్చుకోలేక కస్టమర్ మీదకి నెట్టేసినవి. లెక్క తీస్తే ఈ చివరి రకమే ఎక్కువ ఉంటుందని నా నమ్మకం.

కాబట్టి ప్రతి సెట్టింగ్ దగ్గరా ఆగి, దీనికి సరైన జవాబు ఎవరికి తెలుసు అని అడగండి. కస్టమర్‌కి మనకంటే బాగా తెలిసినప్పుడే అది సెట్టింగ్‌గా ఉండాలి. జవాబు ఇంకెక్కడైనా దొరికితే దాన్ని అక్కడి నుంచే తీసుకోవాలి.

మన సరిహద్దు ఊళ్లలో దీనికి జీఎస్టీని మించిన ఉదాహరణ లేదు. పర్లాకిమిడి కొట్టు ఒడిశాలో ఉంది, రాష్ట్ర కోడ్ 21. కూతవేటు దూరంలోని పాతపట్నం ఆంధ్రలో ఉంది, కోడ్ 37. సరుకు ఒడిశాలోనే ఉంటే కేంద్రానికి సీజీఎస్టీ, రాష్ట్రానికి ఎస్‌జీఎస్టీ చెరి సగం. ఆంధ్రకి వెళితే రాష్ట్రాల మధ్య అమ్మకాలకి వేసే ఐజీఎస్టీ. 'ఐజీఎస్టీ వాడాలా: అవును, కాదు' అని ఒక సెట్టింగ్ పెట్టిన సాఫ్ట్‌వేర్లు నేను చూశాను. రాష్ట్రం నడిమధ్య ఊళ్లో ఉన్న చిన్న కొట్టుకి జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే కాబట్టి అక్కడ అది సెట్టింగ్‌లాగే కనిపిస్తుంది. పర్లాకిమిడిలో పొద్దున ఒక జవాబు, మధ్యాహ్నం ఇంకొకటి. గుమాస్తా ఒక్కసారి నొక్కడం మరిచిపోతే ఆ రోజు బిల్లులన్నీ తప్పే. రిటర్న్ వేసే రోజున అందరికీ టెన్షన్.

నిజానికి ఇది ఎవరినీ అడగనక్కరలేని విషయం. జీఎస్టీ నంబరులో 15 అక్షరాలుంటే మొదటి రెండు అంకెలే రాష్ట్రం పేరు చెబుతాయి. వాటిని సాఫ్ట్‌వేరే చదువుకోవచ్చు. అయితే అక్కడితో ఆగితే కూడా చాలదు. ఏ పన్ను అన్నది సరఫరా స్థలాన్ని (చట్టం ప్రకారం ఆ అమ్మకం ఏ రాష్ట్రానికి చెందుతుందో దాన్ని) బట్టి ఉంటుంది, కొనేవారి నంబరుని బట్టి మాత్రమే కాదు. కొనేవారికి జీఎస్టీ నంబరే లేని సందర్భాలు కూడా వస్తాయి. అందుకని ప్రతి బిల్లులోనూ 'సరఫరా స్థలం' అనే గడి పెట్టండి. నంబరు చూసి సాఫ్ట్‌వేర్ దాన్ని నింపాలి. అవసరమైతే గుమాస్తా మార్చాలి. ఎవరు మార్చారో నమోదు కావాలి. సెట్టింగ్‌ల పేజీ నుంచి ఒక మీట పోయింది, అయినా సాఫ్ట్‌వేర్ ఇంతకు ముందుకంటే ఎక్కువ సందర్భాలకి సరిపోతోంది. అందరూ ఫ్లెక్సిబిలిటీ పెరిగితే చిక్కు పెరుగుతుందంటారు గానీ, నిర్ణయాన్ని అది ఉండాల్సిన చోట పెడితే చాలాసార్లు రెండూ ఒకేసారి బాగుపడతాయి.

పన్ను రేట్లది ఇంకో కథ. 2025 సెప్టెంబరు 22న 12, 28 శాతం స్లాబులు దాదాపుగా పోయి, ఎక్కువ సరుకులు 5కీ 18కీ వచ్చాయి, కొన్నిటికి 40 శాతం పడింది. సరుకు దగ్గర రేటుని ఒకే ఒక అంకెగా దాచుకున్నవాళ్లు ఆ రాత్రి ఆ అంకెను మార్చేసి పని అయిపోయిందనుకున్నారు. ఆగస్టులో అమ్మిన సరుకు అక్టోబరులో వాపసు వస్తే ఏమవుతుంది? వాపసుకి ఇచ్చే క్రెడిట్ నోట్ పాత బిల్లు రేటుతోనే వెళ్లాలి. కాబట్టి రేటు ఎప్పుడూ తేదీలతో కలిసి ఉండే పట్టికలో ఉండాలి: హెచ్ఎస్ఎన్ కోడ్ (సరుకు రకాన్ని చెప్పే అంకె), రేటు, ఏ తేదీ నుంచి, ఏ తేదీ వరకు. దానితోపాటు ప్రతి బిల్లూ తను వేసిన రేటుని తన దగ్గరే రాసి ఉంచుకోవాలి. ఈ పట్టికని నింపాల్సింది కూడా కొట్టు యజమాని కాదు, మీరు. అప్‌డేట్‌తో పాటు పంపండి. సరుకు రవాణాకి తీసుకోవాల్సిన ఈ-వే బిల్లు పరిమితి కూడా ఇలాంటిదే. రాష్ట్రాల మధ్య రవాణాకి 50,000 రూపాయలు, రాష్ట్రం లోపల పరిమితి రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. అదొక చిన్న పట్టిక, అంతే.

మీ దగ్గర మిల్లులు ఉన్నాయి కాబట్టి బియ్యం గురించి ఒక మాట. ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు 5 శాతం పన్ను ఉంది, ఆ పైన లేదు. మార్కెట్లోకి 26 కిలోల బస్తాలు వచ్చింది అందుకే. అంటే రేటు ఒక్క హెచ్ఎస్ఎన్ కోడ్‌తో తేలదు, బస్తా బరువు కూడా చూడాలి. ఇలాంటిది ఒకటి ఎదురవగానే 'అయితే రూల్ ఇంజిన్ కావాల్సిందే' అనిపిస్తుంది. తొందరపడకండి. పట్టికలో బరువు పరిమితికి ఒక గడి, కోడ్‌లో ఒక షరతు, 25కీ 26కీ రెండు టెస్టులు. అక్కడితో సరిపోతుంది. చట్టంలో ఉన్న షరతుల సంఖ్య మనం భయపడినంత పెద్దది కాదు.

ఇక యజమానికి మాత్రమే తెలిసిన విషయాల దగ్గరకి వద్దాం. అసలైన సెట్టింగ్‌లు ఇవే, ఇక్కడ ధారాళంగా ఉండాలి. ధాన్యం బస్తా అంటే కొందరికి 75 కిలోలు, కొందరికి 80. చింతపండు, పసుపు, కొండచీపుర్లు, జీడిపిక్కలు అమ్మేవాళ్ల లెక్కలు వేరువేరు. ఈ మాట మీకు ఎవరూ జీవో ఇచ్చి చెప్పరు, కొట్టులో కూర్చున్నవారే చెప్పాలి. అయితే దాన్ని సాఫ్ట్‌వేర్ అంతటికీ ఒకటే సెట్టింగ్‌గా పెట్టకండి. సరుకు దగ్గర పెట్టండి, కావాలంటే పార్టీ (ఆ కొట్టుతో లావాదేవీ చేసేవారు) దగ్గర దాన్ని మార్చే వీలు ఇవ్వండి. లోపల మాత్రం అంతా కిలోల్లోనో గ్రాముల్లోనో ఉండాలి. ఎంట్రీ దగ్గరా, ప్రింట్ దగ్గరా మాత్రమే బస్తా కనిపించాలి. బస్తాకి ఎన్ని కిలోల చొప్పున లెక్క వేశారో బిల్లులోనే రాసి ఉంచాలి, లేకపోతే రేపు 75ని 80 చేసినప్పుడు పోయినేడాది నిల్వలు కూడా మారిపోతాయి.

అన్నిటికంటే ఎక్కువ గొడవ పెట్టేవి తరుగు, హమాలీ, కాటా ఖర్చు, కమిషన్. ఒక మిల్లు తేమకి తరుగు బరువులో తీసేసి తర్వాత ధర కడుతుంది. ఇంకొకరు మొత్తం సొమ్ములో తగ్గిస్తారు. ఒకరు హమాలీ బస్తాకి ఇంత అంటారు, మరొకరు క్వింటాలుకి. ఒక్కొక్కరి కోసం ఒక్కో సెట్టింగ్ పెడితే మీ 60లో ఇరవై వీటికే పోయి ఉంటాయి. ఇక్కడే రూల్ ఇంజిన్ మీద మనసు లాగుతుంది. సూత్రం రాసుకునే పెట్టె ఒకటి ఇచ్చేస్తే పీడ పోతుంది అనిపిస్తుంది.

అలా కాకుండా ఇలా చేసి చూడండి. ప్రతి ఖర్చూ ఒక వరుస. వరుసకి ఒక పేరు, అది కలిపేదా తీసేసేదా, బరువు మీదా సొమ్ము మీదా, లెక్క ఎలా (బస్తాకి, క్వింటాలుకి, శాతం, మొత్తంగా ఒకే సొమ్ము), ఏ క్రమంలో రావాలి. కస్టమర్ ఈ వరుసలని ఎన్నైనా పెట్టుకోవచ్చు, పేర్లు తన ఇష్టం, క్రమం తన ఇష్టం. కానీ లెక్క వేసే పద్ధతులు మీరిచ్చిన ఆ నాలుగే. నా అనుభవంలో ఈ వైపు మిల్లుల లెక్కలు దాదాపు అన్నీ ఇందులో ఇమిడిపోతాయి. నాలుగు పద్ధతులని కూర్చుని పరీక్షించగలం. సూత్రం రాసే పెట్టెలో ఎవరు ఏం రాస్తారో ఎవరూ పరీక్షించలేరు. మార్చుకునే వీలు ఇవ్వడమంటే నాకు అర్థమైనంతలో ఇదే. కలుపుకోవడానికి ముక్కలు ఇవ్వాలి, ముక్కలు తయారు చేసే పని మాత్రం మన దగ్గరే ఉండాలి.

రూల్ ఇంజిన్ గురించి సూటిగా చెబుతాను. మొదట రెండు షరతులతో మొదలవుతుంది. తర్వాత 'లేకపోతే' కావాలంటారు, ఆపైన రూల్‌లో రూల్, ఆపైన పాత విలువని గుర్తుపెట్టుకునే వీలు. చివరికి మీరు ఒక ప్రోగ్రామింగ్ భాషనే తయారు చేసి ఉంటారు. దానికి తప్పులు వెతికే డీబగ్గర్ ఉండదు, పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్లే దారి ఉండదు, టెస్టులు ఉండవు. దీన్నే ప్రోగ్రామర్లు ఇన్నర్ ప్లాట్‌ఫామ్ ఎఫెక్ట్ అంటారు. రూల్స్ కస్టమరే రాసుకుంటారు అన్నది కూడా మనం చెప్పుకునే మాటే. కొట్టు యజమాని ఫోన్ చేసి 'బాబూ, నువ్వే వచ్చి పెట్టు' అంటారు. అప్పుడు అదే పనిని మంచి పనిముట్లున్న భాష వదిలి, ఏమీ లేని భాషలో మీరు చేయాల్సి వస్తుంది.

ఒకటి మారిస్తే మరోచోట తప్పు వస్తోందన్నారు. దానికి లెక్క ఉంది. అవును, కాదు అనే సెట్టింగ్‌లు 10 ఉంటే 1,024 రకాల సాఫ్ట్‌వేర్లు మీ చేతిలో ఉన్నట్టు. 20 ఉంటే 10,48,576. 30కి 107 కోట్లు దాటుతుంది. ఇన్నిటిని ఎవరూ పరీక్షించలేరు. కానీ చేతులెత్తేయాల్సిన పని లేదు. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు రకరకాల సాఫ్ట్‌వేర్ల లోపాలని పరిశీలించి, చాలా లోపాలు ఒక అంశం వల్లో రెండు అంశాల కలయిక వల్లో బయటపడతాయని చూపించారు. ఏ రెండిటిని తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ ఎక్కడో ఒకచోట వచ్చేలా టెస్టులు కూర్చితే, 20 సెట్టింగ్‌లకి 8 టెస్టులు చాలు. నిజంగా ఎనిమిదే. వాటిని చేత్తో కూర్చనక్కరలేదు, మైక్రోసాఫ్ట్ వారి పిక్ట్ అనే ఉచిత పనిముట్టు అలాంటి పట్టిక తయారు చేసి ఇస్తుంది, అందులో టెస్టులు ఎనిమిది కంటే కాస్త ఎక్కువ రావచ్చు. మీ సెట్టింగ్‌లలో 'ఇది ఉంటే అది ఉండకూడదు' అనేవి ఉంటే ఆ షరతులు కూడా దానికి చెప్పవచ్చు. ఈ వారంలో మీరు చేయగల పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

దీనితోపాటు అర్థం లేని కలయికలే పుట్టకుండా చూడండి. 'రౌండ్ చేయాలా', 'పైకి రౌండ్ చేయాలా', 'ప్రతి వరుసకీ చేయాలా' అని మూడు మీటలుంటే ఎనిమిది కలయికలు, అందులో మొదటిది 'కాదు' అయినప్పుడు మిగతా రెండిటికీ అర్థమే లేదు. మూడు మీటలు తీసేసి ఒకే ఎంపిక పెట్టండి: రౌండ్ వద్దు, వరుసకి దగ్గరి రూపాయి, మొత్తానికి దగ్గరి రూపాయి, మొత్తానికి పై రూపాయి. వాడేవారికీ తెలుస్తుంది, కోడ్‌కీ తెలుస్తుంది.

వాడని సెట్టింగ్‌ని అలా వదిలేయడం కూడా ప్రమాదమే. 2012 ఆగస్టు 1న అమెరికాలో నైట్ క్యాపిటల్ అనే షేర్ల సంస్థలో జరిగింది చూడండి. ఎప్పుడో వాడడం మానేసిన పాత కోడ్‌ని నడిపే ఒక మీటనే కొత్త పనికి మళ్లీ వాడుకున్నారు. ఎనిమిది సర్వర్లలో ఏడింటికే కొత్త కోడ్ చేరింది. ఎనిమిదోదానిలో ఆ మీట పాత కోడ్‌ని లేపింది. సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా నష్టం. మన బిల్లులు అంత పెద్దవి కావు గానీ, మిల్లు యజమానికి తన సీజన్ లెక్క అంతకంటే చిన్నదేమీ కాదు. సెట్టింగ్ తీసేస్తే దాని వెనుక కోడ్ కూడా తీసేయాలి, ఆ పేరుని మళ్లీ ఎప్పుడూ ఇంకో పనికి వాడకూడదు.

కాపీల సంగతి తొందరగా ముగిస్తాను. పన్నెండు మందికి పన్నెండు కాపీలుంటే సెప్టెంబరు 22 లాంటి రోజున ఒకే మార్పుని పన్నెండు చోట్ల చేయాలి, అందులో ఒకటి తప్పకుండా మిగిలిపోతుంది. ఒక్క కస్టమర్‌కి మాత్రమే కావాల్సింది ఉంటే దానికి వేరే దారి ఉంది. వెబ్‌సైట్లు నడిపే వర్డ్‌ప్రెస్ తన కోడ్‌లో అక్కడక్కడా హుక్స్ (బయటి కోడ్ తగిలించుకునే చోట్లు) వదిలింది, ప్లగిన్లు వాటికి తగులుకుంటాయి, అసలు ఫైళ్లని ఎవరూ ముట్టుకోనక్కరలేదు. ముట్టుకుంటే తర్వాతి అప్‌డేట్‌లో ఆ మార్పు చెరిగిపోతుంది. టాలీకి దాని సొంత భాష టీడీఎల్‌లో అదనపు కోడ్ రాసి ఇచ్చేవాళ్లదీ దాదాపు ఇదే పద్ధతి. మీరు కూడా బిల్లు సేవ్ కాకముందు, సేవ్ అయ్యాక, ప్రింట్‌కి పంపేముందు అని మూడు చోట్ల హుక్స్ ఇచ్చి, ఆ కస్టమర్ కోడ్‌ని వేరే ఫోల్డర్‌లో ఉంచండి. హుక్ అంటే మాట ఇచ్చినట్టు, ఒకసారి ఇచ్చాక దాని రూపం మార్చలేరు. అందుకే ఎక్కువ ఇవ్వకండి. ఒకే అవసరం మూడో కస్టమర్ దగ్గర కూడా కనిపిస్తే అప్పుడు దాన్ని అసలు సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకురండి.

అదనపు గడులు అందరూ అడుగుతారు: లారీ నంబరు, మధ్యవర్తి పేరు, రైతు ఊరు. వీటికి పట్టికలో కాలమ్ మీద కాలమ్ పెంచనక్కరలేదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 2014 చివర్లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచీ జేసన్‌బీ (ఎన్ని గడులనైనా ఒకే కాలమ్‌లో దాచే పద్ధతి) ఉంది, అందులో పెట్టుకోవచ్చు, వెతకవచ్చు. ఒక్క నియమం పెట్టుకోండి. కస్టమర్ చేర్చుకున్న గడి కనిపించవచ్చు, ప్రింట్ కావచ్చు, వెతకడానికి పనికిరావచ్చు, కానీ లెక్కలో పాలు పంచుకోకూడదు. ఏ గడి అయినా లెక్కలోకి రావాల్సి వస్తే ఆ రోజే దాన్ని పేరున్న కాలమ్‌గా మార్చి, టెస్టు రాయండి. ఈ గీత దాటనిచ్చిన చోటే పెద్ద సాఫ్ట్‌వేర్లు కూడా చిక్కుల్లో పడతాయి.

భాష విషయం మన వైపు తప్పదు. బిల్లు ఒకరికి ఒడియాలో, ఒకరికి తెలుగులో, పన్ను కాగితం ఇంగ్లీషులో కావాలి. భాషని కొట్టుకి కాకుండా పార్టీకి తగిలించండి, సరుకు పేరుకి మూడు గడులు ఉంచండి. చిన్న థర్మల్ ప్రింటర్లలో సాధారణంగా మన లిపుల ఫాంట్లు ఉండవు, ఉన్నా ఒత్తులు సరిగా పడవు. బిల్లుని బొమ్మగా గీసి పంపండి. 58 మిల్లీమీటర్ల ప్రింటర్‌కి సాధారణంగా 384 చుక్కల వెడల్పు, 80 మిల్లీమీటర్లదానికి 576. ఫాంటు, రంగులు, మెనూ క్రమం లాంటివి మాత్రం మీరే నిర్ణయించేయండి. అవి ఎలా ఉన్నా కస్టమర్ వారంలో అలవాటు పడతారు.

ఇక కస్టమర్ కొత్తది అడిగినప్పుడు ఏం చేయాలి. ఏ ఆప్షన్ కావాలి అని కాకుండా, పోయినసారి ఏం ఇబ్బంది వచ్చింది అని అడగండి. 'సేవ్ అయిన బిల్లులో ధర మార్చే ఆప్షన్ కావాలి' అని మిల్లులవాళ్లు తరచూ అడుగుతారు. ఆ మీట ఇచ్చేస్తే మీ లెక్కల మీద ఎవరికీ నమ్మకం మిగలదు. వివరం అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. పొద్దున ధాన్యం కాటా వేస్తారు, ధర సాయంత్రం తేలుతుంది, మధ్యలో రైతుకి ఏదో ఒక కాగితం ఇవ్వాలి. కావాల్సింది కాటా చీటీ. బరువుతో ఒక చీటీ, ధర తేలాక దాని నుంచి బిల్లు. సెట్టింగ్ ఒక్కటి కూడా పెరగదు, అడిగినవారి పని అవుతుంది, మిగతా మిల్లులకీ అదే పనికొస్తుంది. చాలా సెట్టింగ్‌లు ఇలా మనం గుర్తించని ఒక కాగితానికో ఒక పనికో బదులుగా పుట్టినవే.

ఉన్న 60ని తగ్గించడానికి ముందు అందరు కస్టమర్ల విలువలు ఒకచోటకి తెచ్చుకోండి. అందరి దగ్గరా ఒకే విలువ ఉన్నదాన్ని కోడ్‌లో స్థిరం చేసి, పేజీ నుంచి తీసేయండి. ఒక్కరి దగ్గరే వేరుగా ఉన్నదాన్ని హుక్‌కి పంపండి. మిగిలినవాటికి 'టోకు కిరాణా', 'రైస్ మిల్లు', 'ఎరువుల కొట్టు' అని ముందే నింపిన మూడు నమూనాలు చేయండి, కొత్త కస్టమర్ మొదటిరోజు వాటిలో ఒకటి ఎంచుకుంటే చాలు. నమూనా మీద కొట్టు తన మార్పు చేసుకోవచ్చు, అంతకు మించి పొరలు వద్దు. ప్రతి మార్పుకీ తేదీ, పేరు, పాత విలువ నమోదు కావాలి. 'నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ తేడా వస్తోంది' అని ఫోన్ వచ్చినప్పుడు మీరు ముందు చూసేది ఆ జాబితానే.

తీసేయడం కూడా ఒకేసారి వద్దు. ఒక్కో అప్‌డేట్‌లో కొన్నిటిని, అదీ పాత బిల్లులు కొన్ని తీసుకుని కొత్త కోడ్‌తో మళ్లీ లెక్క వేయించి, పైసాతో సహా సరిపోయాయని చూసుకున్నాకే. ధాన్యం కొనుగోళ్లు జోరుగా ఉన్న రోజుల్లో, మార్చి నెలాఖరులో ఈ పని ముట్టుకోకండి. ఎండాకాలం దాటి వర్షాలు మొదలయ్యాక మిల్లుల్లో పని కాస్త తగ్గుతుంది. అప్పుడు ఒకే ఒక మిల్లుతో మొదలుపెట్టి, వాళ్లు ఒక నెల లెక్కలు మూసి రిటర్న్ వేశాక రెండోదానికి వెళ్లండి.